న్యూట్రాన్ల మధ్య బలం: తేలినదెంత, తేలనిదెంత

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఇలాంటి నదుల వెంట కొట్టుకొచ్చిన బరువైన ఖనిజాలు గార మండలం నుంచి పూసపాటిరేగ, భోగాపురం మీదుగా భీమిలి దాకా తీరంలో అక్కడక్కడా పేరుకున్నాయి. అలలు తేలిక ఇసుకను లాక్కుపోయిన చోట నల్లటి చారలుగా కనిపించేది చాలావరకు ఇల్మనైట్. ఎర్రగా మెరిసేది గార్నెట్. వాటి మధ్య పసుపు, గోధుమ రంగుల్లో అరుదుగా దొరికే గింజలు మోనజైట్‌వి. థోరియం ఉన్నది వాటిలోనే. మన తీరపు ఇసుకే అణు ఇంధనమన్న మాట సభల్లోనూ పత్రికల్లోనూ తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో నిజం సగమే. థోరియాన్ని ఉన్నది ఉన్నట్టుగా రియాక్టర్‌లో పెడితే గొలుసు చర్య మొదలు కాదు. యురేనియంలో నూటికి ఒక వంతు కూడా లేని యురేనియం–235 చేయగలిగిన పనిని థోరియం–232 చేయలేదు. ఆ తేడాకు మూలం వెతుక్కుంటూ పోతే న్యూట్రాన్‌కీ న్యూట్రాన్‌కీ మధ్య ఉన్న ఆకర్షణ దగ్గర తేలుతాం.

ఈ ఆకర్షణ గురించి భౌతిక శాస్త్రజ్ఞులు తొంభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఒక స్వేచ్ఛా న్యూట్రాన్‌ను మరొక స్వేచ్ఛా న్యూట్రాన్‌తో ఢీకొట్టించి ఆ బలాన్ని నేరుగా కొలవడం మాత్రం కుదరలేదు. చేతిలో ఉన్నదంతా పరోక్ష సాక్ష్యమే. ఆ సాక్ష్యాల్లో కొన్ని ప్రయోగశాలల నుంచి, కొన్ని భార కేంద్రకాల నుంచి, కొన్ని నక్షత్రాల నుంచి వచ్చాయి. అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులనుకోవడం వల్లే చర్చ చిక్కుపడింది. నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. చుట్టూ ఏమీ లేనప్పుడు రెండు న్యూట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా లాక్కుంటాయన్నది మొదటిది. పదుల, వందల కణాల నడుమ ఇరుక్కున్నప్పుడు అవే రెండు న్యూట్రాన్లు ఎలా ప్రవర్తిస్తాయన్నది రెండోది. మొదటిదానికి జవాబు చాలావరకు తేలిపోయిందనీ, ఇప్పుడు కొత్తగా పుడుతున్న వివాదాల్లో అధికభాగం రెండోదానివేననీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఢీకొట్టడానికి లక్ష్యమే లేదు

ప్రోటాన్ల సంగతి సులువు. హైడ్రోజన్ వాయువు మీదకు ప్రోటాన్ల పుంజాన్ని వదిలి, ఏ కోణంలో ఎన్ని చెదిరాయో లెక్కపెడితే వాటి మధ్య బలం ఎలాంటిదో బయటపడుతుంది. న్యూట్రాన్లకు ఆ వీలు లేదు. కేంద్రకం నుంచి బయటపడ్డ న్యూట్రాన్ సగటున 880 సెకన్లకు, అంటే పావుగంటలోపే, ప్రోటాన్‌గా మారిపోతుంది. దానికి విద్యుదావేశం లేదు కనుక విద్యుత్ క్షేత్రంతో పట్టి నిలపడం కుదరదు. బాగా చల్లబరచిన న్యూట్రాన్లను ప్రత్యేక పాత్రల్లో కాసేపు నిలవ ఉంచగలుగుతున్నారు గానీ, లక్ష్యంగా వాడుకోవడానికి ఆ సాంద్రత ఏ మూలకూ చాలదు.

అయినా ప్రయత్నించినవారు లేకపోలేదు. రష్యాలోని స్నెజిన్స్క్‌లో యాగ్వార్ అనే పల్స్ రియాక్టర్ ఉంది. అతి కొద్ది సమయంలో న్యూట్రాన్లను వెల్లువలా విడుదల చేయడం దాని ప్రత్యేకత. ఆ వెల్లువలో న్యూట్రాన్లు తమలో తాము ఢీకొంటాయనీ, రియాక్టర్ గుండా వెళ్లే గొట్టంలోంచి గాలి తోడేసి చెదిరివచ్చిన వాటిని దూరాన లెక్కించవచ్చనీ ఆలోచన. తీరా చూస్తే అదే వికిరణపు ధాటికి గొట్టం లోపలి గోడలకు అంటుకుని ఉన్న వాయువు ఊడి శూన్యంలోకి వచ్చేసింది. న్యూట్రాన్లు దాన్నీ ఢీకొన్నాయి. వెతుకుతున్న సంకేతం ఆ గందరగోళంలో కలిసిపోయింది. ఉత్తరాంధ్ర పాఠకులకు ఇక్కడ ఒక పేరు గుర్తు రావాలి. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్యాసం స్వీకరించి, ఐరోపాలో భౌతికశాస్త్రం చదివి, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ లివర్‌పూల్‌లో ఉండగా అక్కడ పనిచేసి, ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కేంద్రక భౌతిక విభాగానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద రాసిన ప్రసిద్ధ గ్రంథం అధిక శూన్యాల మీదనే. కేంద్రక ప్రయోగాలు చాలాసార్లు కేంద్రకం దగ్గర కాక గొట్టంలో మిగిలిపోయిన గాలి దగ్గర ఓడిపోతాయని ఆ తరం ప్రయోగశాస్త్రజ్ఞులకు అనుభవపూర్వకంగా తెలుసు.

తొలినాళ్ల ఊహలు

1932లో న్యూట్రాన్ బయటపడగానే హైసెన్‌బర్గ్ కేంద్రకానికి ఒక నమూనా కట్టాడు. అందులో ప్రోటాన్, న్యూట్రాన్ల మధ్య ఉన్న బలానిదే పెద్దపీట. న్యూట్రాన్ల మధ్య కొద్దిపాటి ఆకర్షణ ఉంటుంది. ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ తప్ప మరేమీ లేదు. ఆనాటికి అది అసమంజసమైన ఊహ కాదు. ఎందుకంటే ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన డ్యుటీరియం ప్రకృతిలో ఉంది. రెండు న్యూట్రాన్లు మాత్రమే కలిసిన కేంద్రకం ఎక్కడా కనిపించలేదు.

ఈ చిత్రాన్ని 1936లో వచ్చిన ఫలితాలు తారుమారు చేశాయి. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో ట్యూవ్, హైడెన్‌బర్గ్, హాఫ్‌స్టాడ్ ప్రోటాన్ల మీద ప్రోటాన్లను ప్రయోగించారు. ఆ కొలతలను బ్రైట్, కాండన్, ప్రెజెంట్ విశ్లేషించి విద్యుత్ వికర్షణను తీసేసి చూస్తే, ప్రోటాన్ల మధ్య కూడా గట్టి ఆకర్షణ ఉందనీ, స్పిన్లు ఎదురెదురుగా ఉన్న స్థితిలో అది ప్రోటాన్–న్యూట్రాన్ ఆకర్షణకు దాదాపు సమానమనీ తేలింది. అక్కడి నుంచి న్యూట్రాన్ల దాకా ఒక్క అడుగే. కేంద్రక బలానికి ఆవేశంతో పని లేదన్న సూత్రం అలా స్థిరపడింది. దీన్ని 'ఊహ' అని కొట్టిపారేయలేం. ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ తారుమారు చేస్తే వచ్చే జంట కేంద్రకాల శక్తి స్థాయిలు ఒకదానికొకటి ఎంతగా సరిపోలతాయో చూస్తే, న్యూట్రాన్ల మధ్య బలం ప్రోటాన్ల మధ్య బలం లాంటిదేనని ఒప్పుకోక తప్పదు. 'దాదాపు' అన్న మాటలో ఎంత తేడా దాగి ఉందన్నదే ఆ తర్వాతి తగాదా.

బంధానికి అంగుళం దూరంలో

ఇంత ఆకర్షణ ఉంటే రెండు న్యూట్రాన్లు ఎందుకు అతుక్కోవు? ఒకే రకం కణాలు రెండు ఒకే స్థితిలో ఉండకూడదనే పౌలీ నియమంలో జవాబు ఉంది. రెండు న్యూట్రాన్లు అచ్చంగా ఒకే రకం కణాలు. అతి సమీపంగా, కోణీయ చలనం లేకుండా కలవాలంటే వాటి స్పిన్లు ఎదురెదురుగా ఉండి తీరాలి. ప్రోటాన్, న్యూట్రాన్లకు ఆ నిర్బంధం లేదు. స్పిన్లు ఒకే దిశలో పెట్టుకుని కలవగలవు. ఆ స్థితిలో టెన్సర్ బలం అనే అదనపు ఆకర్షణ తోడవుతుంది. దానివల్లే డ్యుటీరియం 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల బంధంతో నిలబడుతుంది. ఎదురెదురు స్పిన్ల స్థితిలో ప్రోటాన్, న్యూట్రాన్లు కూడా బంధం కుదుర్చుకోలేవు. కాబట్టి న్యూట్రాన్ల జంట నిలవకపోవడం ఆకర్షణ లేకపోవడానికి రుజువు కాదు. ఆకర్షణ ఉంది, కొద్దిలో చాలలేదు.

ఆ 'కొద్ది' ఎంతో చెప్పే సంఖ్యను పరిక్షేపణ దైర్ఘ్యం అంటారు. అతి తక్కువ వేగంతో ఎదురుపడ్డ రెండు కణాల ప్రభావం ఒకదాని మీద మరొకదానికి ఎంత దూరం వరకు ఉన్నట్టు లెక్కకు వస్తుందో ఇది చెబుతుంది. ఆకర్షణ ఉండి బంధం కుదరకపోతే ఇది రుణ సంఖ్య. బంధానికి చేరువయ్యే కొద్దీ దాని పరిమాణం పెరుగుతూ పోతుంది. బంధం కుదిరిన మరుక్షణం ధన సంఖ్యగా మారుతుంది. కేంద్రకాల దూరాలను కొలిచే ఫెర్మీ అనే ప్రమాణంలో చెబితే, న్యూట్రాన్ల బలం నిజంగా పనిచేసే దూరం రెండు మూడు ఫెర్మీలే. పరిక్షేపణ దైర్ఘ్యం మాత్రం సుమారు రుణ 19 ఫెర్మీలు. శక్తి లెక్కలో చెప్పాలంటే బంధానికి కావలసిన చోటికి దాదాపు 0.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టు తేడాతో ఆగిపోయిందన్నమాట. కేంద్రకాల ప్రపంచంలో అది చిల్లర.

ఈ 19 అన్న సంఖ్య దగ్గర ఒక పాత తగాదా ఉంది. కేంద్రక బలాన్ని మోసే పయాన్ అనే కణాల్లో రుణావేశం ఉన్నదాన్ని డ్యుటీరియం మింగినప్పుడు రెండు న్యూట్రాన్లు, ఒక గామా కిరణం వెలువడతాయి. ఆ న్యూట్రాన్లు పక్కపక్కనే బయటికొచ్చే తీరు నుంచి లెక్కకట్టినవారికి, లాస్ అలమోస్ బృందంతో సహా, రుణ 18.6కు దగ్గరి విలువ వచ్చింది. న్యూట్రాన్‌తో డ్యుటీరియాన్ని పగలగొట్టి చూసిన అమెరికాలోని డర్హమ్ బృందానికి 1999లో రుణ 18.7 వచ్చింది. జర్మనీలోని బాన్ బృందం అదే చర్యను మరో రకంగా, వెలువడే ఒక న్యూట్రాన్‌నూ ప్రోటాన్‌నూ పట్టుకుని కొలిచి, 2000లో రుణ 16.3 అని ప్రకటించింది. ఎవరి దోష పరిమితి చూసినా అర ఫెర్మీకి కాస్త అటూ ఇటూ. కాబట్టి ఇద్దరూ ఒప్పు కావడం కుదరదు.

ఇక్కడ మొగ్గు చూపడానికి ఆధారం ఉంది. విద్యుత్ ప్రభావం తీసేశాక ప్రోటాన్ల పరిక్షేపణ దైర్ఘ్యం సుమారు రుణ 17.3. బాన్ విలువ నిజమైతే న్యూట్రాన్ల ఆకర్షణ ప్రోటాన్ల ఆకర్షణ కంటే తక్కువ కావాలి. డర్హమ్ విలువ నిజమైతే ఎక్కువ కావాలి. ట్రిటియం బంధన శక్తి 8.48, హీలియం–3ది 7.72 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటిదాంట్లో రెండు న్యూట్రాన్లు, రెండోదాంట్లో రెండు ప్రోటాన్లు ఉన్నాయి. ఈ 0.76 తేడాలో చాలా భాగం ప్రోటాన్ల విద్యుత్ వికర్షణదే. అది పోగా పదింట ఒక వంతు దాకా మిగిలిపోతుంది. న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే ఒకింత గట్టిగా లాక్కుంటేనే ఆ మిగులుకు లెక్క కుదురుతుంది. డౌన్ క్వార్క్ అప్ క్వార్క్ కంటే కాస్త బరువు కావడం వల్ల ఆపాటి తేడా సహజమే. ప్రోటాన్ల లెక్కలోంచి విద్యుత్ ప్రభావాన్ని తీసేసే పద్ధతి నమూనాను బట్టి మారుతుంది కదా అని ఒక అభ్యంతరం. మారుతుంది, నిజమే. కానీ ఆ మార్పు బాన్ విలువను కాపాడేంత పెద్దది కాదు. మూడు కణాలు ఒకేచోట చేరినప్పుడు మాత్రమే పుట్టే 'మూడు కణాల బలం' ఏదో మధ్యలో దూరి లెక్క సరిచేస్తుందని మరో అభ్యంతరం. అందుకు ఆ బలం, న్యూట్రాన్లనూ ప్రోటాన్లనూ తారుమారు చేసినా బలం మారదన్న ఆవేశ సౌష్ఠవాన్ని సరిగ్గా కావలసినంతే భంగపరచాలి. అలా భంగపరుస్తుందనడానికి విడిగా ఆధారం లేదు. అందుకే ఈ రంగంలో ఎక్కువమంది వాడుతున్న విలువ రుణ 18.9. గమనించాల్సింది మరొకటి ఉంది. రెండు పక్షాల్లో ఏది గెలిచినా సంఖ్య రుణంగానే ఉంటుంది. న్యూట్రాన్ల జంటకు బంధం కుదరదన్న విషయంలో ఇరువురికీ తేడా లేదు.

మూడు దారుల్లో నడిచినవారు

ఈ బలాన్ని రాతలో పెట్టే ప్రయత్నాలు మూడు రకాలు. మొదటివారు కొలతలకు సరిపోయే సూత్రం రాసుకుంటే చాలన్నారు. యుకావా 1935లో ఊహించిన కణం పయాన్‌గా 1947లో దొరికాక, దూరాన పయాన్ల మార్పిడి, మధ్యలో ఆకర్షణ, అర ఫెర్మీ లోపల గట్టి వికర్షణ అన్న ఆకారం స్థిరపడింది. రీడ్, పారిస్, బాన్, నైమేగన్ పేర్లతో ఎన్నో సూత్రాలు వచ్చాయి. 1995లో వచ్చిన ఆర్గాన్ సూత్రం దాదాపు నలభై సర్దుబాటు సంఖ్యలతో నాలుగు వేలకు పైగా కొలతలను వివరించింది. ఆ కొలతలన్నీ ప్రోటాన్–ప్రోటాన్, ప్రోటాన్–న్యూట్రాన్ ప్రయోగాలవే. న్యూట్రాన్ల వాటా మాత్రం ఆవేశ సౌష్ఠవాన్ని నమ్మి, ఒక్క పరిక్షేపణ దైర్ఘ్యానికి సరిపెట్టి రాసినదే.

రెండోవారు వైన్‌బర్గ్ 1990లో చూపిన దారి పట్టారు. క్వార్క్‌ల సిద్ధాంతపు సౌష్ఠవాలను పట్టుకుని, తక్కువ శక్తి దగ్గర ఏ పదం ఎంత ముఖ్యమో వరస పేర్చుకుంటూ పోవడం దీని పద్ధతి. దీని బలం నిజాయితీలో ఉంది. లెక్కలో ఎంత వదిలేశామో, దానివల్ల ఎంత తప్పు రావచ్చో ముందే చెబుతుంది. మూడు కణాల బలాన్ని విడిగా తెచ్చి అతికించనక్కర లేకుండా అదే వరసలో తనంతట తాను వస్తుంది. బలహీనత కూడా అక్కడే. సాంద్రత మామూలు కేంద్రకానికి రెట్టింపు దాటితే వరస నమ్మదగినదిగా ఉండదు.

మూడోవారు మూలానికే పోయి క్వార్క్‌ల సమీకరణాలను జాలక గణనల ద్వారా సూపర్ కంప్యూటర్ల మీద పరిష్కరిస్తున్నారు. 2007లో జపాన్‌కు చెందిన ఇషీ, అవోకి, హత్సుడా ఇలా లెక్కకట్టిన బలంలో మధ్యలో ఆకర్షణ, లోపల వికర్షణ కనిపించినప్పుడు అందరికీ ఉత్సాహం కలిగింది. అయితే గణన భారం తగ్గించుకోవడానికి పయాన్‌ను అసలు బరువు కంటే కొన్ని రెట్లు బరువుగా తీసుకోవలసి వచ్చింది. అలాంటి కృత్రిమ ప్రపంచంలో రెండు న్యూట్రాన్లు బంధమవుతాయని ఒక అమెరికా కేంద్రిత బృందం, కావని జపాన్ బృందం చాలాకాలం తగవులాడాయి. ఇటీవలి కట్టుదిట్టమైన గణనలు కాదన్నవైపే మొగ్గుతున్నాయి. ఈ తగవు మన ప్రపంచంలోని న్యూట్రాన్ల గురించి కాదన్న సంగతి బయటివారు చాలాసార్లు గమనించరు.

ముగ్గురినీ పక్కపక్కన పెడితే మొదటి దారి కచ్చితమైనది గానీ కారణం చెప్పదు. రెండోది కారణం చెబుతుంది గానీ కొంత దూరమే వస్తుంది. మూడోది మూలం నుంచి మొదలవుతుంది గానీ గమ్యానికి ఇంకా చేరలేదు. రెండు న్యూట్రాన్ల తక్కువ శక్తి ప్రవర్తన మీద మాత్రం ముగ్గురి మధ్యా చెప్పుకోదగ్గ విరోధం లేదు. విరోధం మూడో న్యూట్రాన్ వచ్చాకే మొదలవుతుంది.

ఇసుకలోని థోరియం చెప్పే సాక్ష్యం

థోరియం–232లో 90 ప్రోటాన్లు, 142 న్యూట్రాన్లు ఉంటాయి. ఎదురెదురు స్పిన్లతో న్యూట్రాన్లు రెండేసి జంట కట్టి ఉంటాయి. ఇందులోంచి ఒక న్యూట్రాన్‌ను పెరకాలంటే జంట విడదీయాలి. అందుకు 6.44 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతుంది. పక్కనే ఉన్న థోరియం–233లో 143వ న్యూట్రాన్ ఒంటరి. దాన్ని పెరకడానికి 4.79 చాలు. ఒక్క న్యూట్రాన్ తేడాకు 1.65 తగ్గిందంటే అది చాలావరకు జంట కట్టడం విలువే.

ఈ తేడానే రియాక్టర్ తలరాత రాస్తుంది. థోరియం–232 నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్‌ను మింగితే ఆ 4.79 మాత్రమే లోపల విడుదలవుతుంది. కేంద్రకం చీలడానికి దాటాల్సిన అడ్డంకి ఆరుకు పైనే ఉంది. కాబట్టి చీలదు. యురేనియం–235లో 143 న్యూట్రాన్లున్నాయి. వచ్చే న్యూట్రాన్‌కు అక్కడ జత సిద్ధంగా ఉంటుంది. 6.55 విడుదలవుతుంది, అడ్డంకి ఆరు లోపే కనుక కేంద్రకం చీలిపోతుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ దగ్గర ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ప్రతిపాదించిన ఆరు ఏపీ–1000 రియాక్టర్లకు యురేనియం–235ను ఐదు శాతం లోపు సాంద్రపరచిన ఇంధనం కావాలి. ఆ తీరం ఇసుకలోనే ఉన్న థోరియం వాటికి నేరుగా పనికిరాదు. థోరియం–233 ఇరవై రెండు నిమిషాల అర్ధాయువుతో ప్రొటాక్టీనియం–233గా, అది 27 రోజుల అర్ధాయువుతో యురేనియం–233గా మారాలి. యురేనియం–233లో న్యూట్రాన్లు 141. మళ్లీ బేసి, మళ్లీ జతకు చోటు. దాని మీద నడిచే 30 కిలోవాట్ల కామిని రియాక్టర్ 1996 నుంచి కల్పాక్కంలో ఉంది. హోమీ భాభా మూడు దశల పథకం మొత్తం ఈ సరి–బేసి లెక్క చుట్టూ అల్లినదే అంటే అతిశయోక్తి కాదు.

అడ్డంకి ఎత్తు థోరియానికీ యురేనియానికీ వేరు కదా, జంటలకు ఎందుకు ఇంత ఘనత అని అడగవచ్చు. అదే యురేనియంలో 146 న్యూట్రాన్ల యురేనియం–238ని చూస్తే సమాధానం దొరుకుతుంది. ప్రోటాన్ల సంఖ్య మారలేదు, అడ్డంకి కూడా పెద్దగా మారలేదు. విడుదలయ్యే శక్తి మాత్రం 4.81కి పడిపోయింది. ప్లుటోనియంలోనూ బేసి న్యూట్రాన్ల 239, 241 నెమ్మది న్యూట్రాన్లకు లొంగుతాయి, 240 లొంగదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. కేంద్రకంలో జంట కట్టించేది శూన్యంలో కొలిచిన ఆ బలమేనా? 1958లో ఆగె బోర్, మోటెల్‌సన్, పైన్స్ అతివాహక లోహాల్లోని ఎలక్ట్రాన్ జంటలతో కేంద్రకాలను పోల్చినప్పటి నుంచి ఈ ప్రశ్న ఉంది. లోహంలో ఎలక్ట్రాన్లు స్వతహాగా వికర్షించుకుంటాయి. స్ఫటిక కంపనాలు మధ్యవర్తులై వాటిని కలుపుతాయి. న్యూట్రాన్లకు స్వతహాగానే ఆకర్షణ ఉంది కాబట్టి మధ్యవర్తి అక్కరలేదని ఒక వర్గం వాదన. కేంద్రకం ఉపరితలం కూడా కంపిస్తుందనీ, జంట బలంలో దాదాపు సగం ఆ కంపనాలదేననీ మిలాన్ బృందం వాదన. సరి–బేసి తేడాలో కొంత భాగం కేంద్రకం ఆకారం మారడం వల్ల వస్తుందనీ, దాన్ని జంటల ఖాతాలో వేయకూడదనీ మరికొందరు చూపించారు. శూన్యంలోని బలం ఒక్కదానితోనే లెక్క సరిగ్గా వచ్చిందని చెప్పినవారూ ఉన్నారు. ఇన్ని జవాబులకు కారణం, ఆ లెక్కలో న్యూట్రాన్ పొందే 'ప్రభావ ద్రవ్యరాశి' ఎంత తీసుకున్నారన్న దాన్ని బట్టి జంట బలం చాలా మారిపోవడం. కాబట్టి థోరియం ఇచ్చిన 1.65ను చూసి న్యూట్రాన్ల ఆకర్షణ ఉందని నిర్ధారించవచ్చు. అది శూన్యంలో ఎంతో ఆ సంఖ్య నుంచి చెప్పలేం. వ్యాసం మొదట్లో రెండు ప్రశ్నలుగా విడదీసింది ఇందుకే.

నాలుగు న్యూట్రాన్ల ముడి

ఒంటరిగా కుదరని బంధం గుంపులో కుదురుతుందనడానికి లిథియం–11 మంచి సాక్షి. లిథియం–9కి ఒక న్యూట్రాన్ కలిపితే నిలవదు. రెండు న్యూట్రాన్లు తమలో తాము నిలవవు. ముగ్గురూ కలిస్తే నిలుస్తుంది. తనిహత బృందం 1985లో బర్కిలీలో చేసిన కొలతల్లో దాని వ్యాసార్ధం అనుకున్నదానికంటే బాగా పెద్దదిగా తేలింది. చివరి రెండు న్యూట్రాన్లు సుమారు 0.37 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆసరాతో కేంద్రకం చుట్టూ పలచటి పొరలా విస్తరించి ఉంటాయి.

అయితే ప్రోటాన్ ఆసరా అసలు లేకుండా నాలుగు న్యూట్రాన్లు నిలుస్తాయా? 2002లో ఫ్రాన్స్‌లోని గానిల్‌లో ఆరు ఘటనలు అవునన్నట్టు కనిపించాయి. అదే నిజమైతే అప్పటికి తెలిసిన కేంద్రకాల లెక్కలన్నీ తప్పిపోతాయని స్టీవెన్ పైపర్ 2003లో చూపించాడు. 2016లో జపాన్‌లోని రైకెన్‌లో నాలుగు ఘటనలు, 2022లో అక్కడే ఎక్కువ ఘటనలతో స్పష్టమైన శిఖరం వచ్చాయి. 2022 ఫలితంలో ఆ శిఖరం బంధన హద్దుకు పైన 2.37 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, 1.75 వెడల్పుతో ఉంది. పత్రికలు 'నాలుగు న్యూట్రాన్ల కేంద్రకం' అని రాశాయి. వెడల్పును చూస్తే ఆ పేరు తొందరపాటే. పుట్టిన వెంటనే చెదిరిపోయేదానికి అది చిహ్నం. 2023లో లజౌస్కాస్, హియామా, కార్బొనెల్ మరో వివరణ ఇచ్చారు. హీలియం–8 లోపల ముందే జంటలుగా ఉన్న న్యూట్రాన్లను ఒక్కసారిగా బయటికి వదిలితే, ప్రత్యేకమైన స్థితి ఏదీ లేకున్నా అలాంటి శిఖరమే వస్తుందని. శిఖరం ఉందన్నది ప్రయోగ సత్యం. అది ఒక వస్తువా, విడిపోతున్న జంటల ఆనవాలా అన్నది తేలలేదు. రెండో వివరణ కొత్త బలమేదీ కోరదు కనుక ప్రస్తుతానికి దానివైపే మొగ్గడం సబబు.

నక్షత్రం నుంచి వచ్చే తగాదా

న్యూట్రాన్ నక్షత్రాల్లో ఈ బలానికి రెండు ముఖాలు కనిపిస్తాయి. పైపొరలో సాంద్రత తక్కువ. అక్కడ థోరియంలో చూసిన లాంటి జంటలే న్యూట్రాన్లను ఘర్షణ లేని ద్రవంగా మారుస్తాయని మిగ్డాల్ 1959లోనే ఊహించాడు. 'వేలా' అనే పల్సార్ (క్రమం తప్పని స్పందనలు పంపుతూ తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) భ్రమణం ఉన్నట్టుండి పుంజుకోవడాన్ని 1969లో రాధాకృష్ణన్, మాంచెస్టర్ గమనించాక ఆ ఊహకు బలం వచ్చింది. లోపలికి పోయే కొద్దీ ఆకర్షణ వెనకబడి వికర్షణ ముందుకొస్తుంది. 2010లో సూర్యుడికి దాదాపు రెండింతల బరువున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని కచ్చితంగా కొలిచారు. అంత బరువును మోయాలంటే రెండు న్యూట్రాన్ల మధ్య బలమొక్కటే చాలేలా లేదు. ముగ్గురు ఒకేచోట చేరితే తలెత్తే అదనపు వికర్షణ కావాలి. ఫుజితా, మియాజావా 1957లో మూడు కణాల బలానికి రాసిన సూత్రం మామూలు కేంద్రకాల్లో ఎక్కువగా ఆకర్షణ కలిగిస్తుంది. న్యూట్రాన్లు మాత్రమే ఉన్నచోట అదనపు పదాలదే పైచేయి. వాటిని నేరుగా సరిచూసే ప్రయోగం లేదు.

పరోక్షంగా సరిచూడాలన్న ప్రయత్నం ఇటీవల కొత్త చిక్కు తెచ్చింది. సీసం–208 కేంద్రకంలో న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే బయటికి ఎంత పొడుచుకొచ్చాయో కొలిస్తే న్యూట్రాన్ పదార్థం పీడనం తెలుస్తుంది. అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాల 2021లో ఆ మందం 0.28 ఫెర్మీ అని ప్రకటించింది. అనుకున్నదానికంటే ఎక్కువ. అంటే న్యూట్రాన్లు గట్టిగా నెట్టుకుంటున్నాయి, నక్షత్రాలు పెద్దవిగా ఉండాలి. మరుసటి ఏడాది అదే ప్రయోగశాల కాల్షియం–48లో 0.12 అని ప్రకటించింది. అది పలచటి పొర. రెండిటినీ ఒకేసారి సరిపెట్టగల సిద్ధాంతం తయారుకావడం కష్టంగా ఉంది. 2017 ఆగస్టులో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు అందిన గురుత్వ తరంగాలు కూడా మరీ పెద్ద నక్షత్రాలను సమర్థించలేదు. సీసం కొలతలో దోష పరిమితి 0.07 ఫెర్మీ. అది కాస్త కిందికి జరిగితే చాలావరకు గొడవ ఉండదు. జరగకపోతే కాల్షియం లాంటి చిన్న కేంద్రకం నుంచి సీసానికి, సీసం నుంచి నక్షత్రానికి ఒకే లెక్కను సాగదీసే అలవాటు మానుకోవాల్సి వస్తుంది. జర్మనీలోని మైన్జ్‌లో మేసా త్వరణ యంత్రం మీద సీసాన్ని మరింత కచ్చితంగా మళ్లీ కొలిచే ప్రయోగం ప్రణాళికలో ఉంది. ఆ సంఖ్య వచ్చేవరకు మూడు న్యూట్రాన్ల వికర్షణ ఎంతన్నదాని మీద ఏ వర్గమూ గెలుపు ప్రకటించుకోలేదు.